చలికాలం దాకా నూట నలభై

సోహార్ క్లినిక్‌ల డాక్టరమ్మ
నూట ముప్పై అని రాసి ఆగింది.
"కిడ్నీకి ఇదే మంచిది పోశెట్టీ.
ఇంతకూ నువ్వు చేసే పనేంది?"

స్కఫోల్డింగ్. ఎనిమిదో వరుస.
నీళ్ళగోలి మింగిన రోజు
వంగి లేస్తే ఒక్క పైపు రెండైతది,
ఏది పట్టుకోవాల్నో చేతికి తెల్వది.

నా గోలీలన్నీ టేబుల్ మీద కుప్పపోసింది.
షుగరుది, కొలెస్ట్రాల్‌ది ఉంచి
మోకాలినొప్పి గోలిని పక్కకు నెట్టింది.
"కిడ్నీకి పగోడు వీడే."
మరి మోకాలు? అడగలే.

"పడుడుకు భయమా, డయాలసిస్‌కా?"
పడితే నేనొక్కణ్ణే అనబోయిన,
కింద పైపులందించే రాజలింగు యాదికొచ్చిండు.

ముప్పై కొట్టేసి నలభై రాసింది,
నీళ్ళగోలి సగం చేసింది.
"చలికాలం రానీ, మళ్ళ బేరమాడుదాం."

ఇప్పుడు నిచ్చెన కాడ
మూడుసార్లు ఊపిరి లెక్కపెట్టి ఎక్కుతున్న.
ఫోర్‌మన్ గడియారం దిక్కే చూస్తున్నడు.