ఇరవై ఎనిమిదో వంతు

దనకిల్ పల్లంలో సముద్రం లేదు,
సముద్ర మట్టం మాత్రం ఉంది.
ఉప్పు చెక్కే హుమద్ నడినెత్తికి
నూట పదహారు మీటర్ల పైన,
ఎవరూ కట్టని పందిరిలా.

పైన బరహలే బడిలో
మాస్టరు కిరోస్ గోడ మీద నిలువుగా గీత గీశాడు.
సుద్ద పుటుక్కున విరిగింది.
మిగిలిన ముక్కతో మధ్యలో సున్న చుట్టి
"ఇదీ సముద్రం" అన్నాడు.
సముద్రం చూసిన పిల్ల ఒక్కతీ లేదు.
నమ్మేశారు.

మైనస్ నూట పదహారు, మైనస్ నలభై ఎనిమిది.
ఏది పెద్దది?
"నూట పదహారు!"
రేకుల కప్పు అదిరింది.
హస్నా ఒక్కతే పెదవి విప్పలేదు.
సెలవులన్నీ నాన్న వెనక నడిచిన కాళ్లు ఆమెవి.
ఉప్పు మడిలోంచి మోపు లేచాక
నూట పదహారు, తొంభై, నలభై ఎనిమిది, ముప్పై…
అంకె బక్కచిక్కుతుంటే
ఒంటె పైకెక్కుతుంటుంది.
ఏ గుర్తూ లేని ఒక రాయి దగ్గర
ఉన్నట్టుండి సున్న.
ఒంటె అక్కడ ఆగదు.
దానికి తెలిసిన సముద్రం వీపు మీదుంది,
పలకలుగా కోసి, తాడేసి కట్టి.

"నలభై ఎనిమిదే పెద్దది సార్,
దాని దగ్గరికి రావాలంటే ఎక్కాలి."

కిరోస్ తల పంకించి ఇంకోటి అడిగాడు:
మైనస్ నలభై ఎనిమిదికీ, నలభై ఏడుకీ మధ్య?
"ఏమీ లేదు" అన్నాడు ముందు వరస కుర్రాడు.
హస్నా లేచి నిలబడింది.
"అక్కడే మా పెద్ద ఒంటె కాలు విరిగింది."

గది కాసేపు గాలి పీల్చలేదు.

"సగం దగ్గరా?"
"సగానికి కాస్త కింద."
నలభై ఏడూ మూడు అయిదో వంతులు, అని రాశాడు కిరోస్,
ముందు ఋణం గుర్తు పెట్టి.
సగం కన్నా మూడు అయిదో వంతులు ఎక్కువేగా,
అయినా ఇక్కడ కిందికే పోయింది.
ఆ సంగతి ఎవరూ అడగలేదు,
అందరూ ఒంటె గురించే అడిగారు.

ఆ సాయంత్రం హుమద్ బేరాలు మోసుకొచ్చాడు.
బెరిహూ నాలుగు పలకలు తీసుకుని మూడింటి డబ్బిస్తాడు,
ఒకటి దారిలో విరిగిందని లెక్క.
లెతాయమ్మ ఏడింటికి ఐదు.
"మూడు కన్నా ఐదే నయం" అన్నాడు హుమద్,
అలిసిన మనిషి అంకె వైపే చూస్తాడు.

హస్నా మోపు విప్పింది. ఇరవై ఎనిమిది పలకలు.
నాలుగేసి పేర్చితే ఏడు గుట్టలు,
గుట్టకో పలక పక్కన పెడితే ఇరవై ఒకటి.
మళ్లీ కలిపి
ఏడేసి పేర్చితే నాలుగు గుట్టలు,
గుట్టకి రెండు తీస్తే ఇరవై.
ముప్పావు గెలిచింది,
ఒకే ఒక్క పలకతో.

హుమద్ ఆ పలకని చేతుల్లోకి తీసుకున్నాడు.
ఎంత చిన్న తేడా, ఎంత బరువు!
ఒక పగటి గొడ్డలి దెబ్బలన్నీ
అందులో మడత పడి ఉన్నాయి.

"సరే, అమ్మకం బెరిహూకే.
మరి కొత్త ఒంటెకి అప్పు తేవాలి.
ఆయన ముప్పావు మోపు విలువ ఇస్తానంటాడు,
ఆమె ఏడింట ఐదు వంతులు.
అదీ ఆయన దగ్గరేనా?"
హస్నా నవ్వింది.
"తీర్చేటప్పుడు లెక్క తలకిందులు నాన్నా.
లెతాయమ్మ దగ్గర తెచ్చుకో,
సున్నకి కాస్త దగ్గరుంటాం."

"రెండింటికీ మధ్యన ఇచ్చేవాడు దొరికితే?"
"దొరుకుతాడు. వాడికీ ఆమెకీ మధ్యన ఇంకొకడు.
అడుగుతూ పోతే నీకు తెల్లారిపోతుంది."

మర్నాడు హస్నా బడికి
విరిగిన పలక అంచు ఒకటి తీసుకెళ్లింది.
ఉప్పుతో అక్షరం పడదు, గీరు పడుతుంది.
కిరోస్ గీసిన గీత మీద,
నలభై ఏడుకి కింద, నలభై ఎనిమిదికి పైన,
గట్టిగా ఒక గాటు పెట్టింది.

సాయంత్రం గుడ్డ పెట్టి తుడిస్తే
సముద్రం పోయింది, అంకెలు పోయాయి,
గాటు పోలేదు.