యన్ అనే పిట్ట

హువాయ్ నది పక్క మా ఊళ్ళో
రాతి మీద తడి కాగితం పరిచి
సిరా అద్దిన గుడ్డమూటతో తట్టి తట్టి
అక్షరాలు దింపడం నా పని.
చదవడం కాదు. దింపడం.
ఇరవై రెండేళ్ళుగా చదువంతా చేతులకే వచ్చు, నాకు రాదు.

నిరుడు పాత కాలువ పూడిక తీస్తుంటే
ఒక పలక బయటపడింది. మోకాలెత్తు లేదు.
పడవలు లాగే కూలీలు
తలా కొంచెం వేసుకుని చెక్కించినట్టుంది.
గీతలు వంకర, ఒకచోట ఉలి జారింది.
చిట్టచివరి అక్షరానికి అడుగున నాలుగు చుక్కలు,
ఎంత మెల్లగా తట్టినా అక్కడే సిరా అలుక్కుపోతుంది.

"అదా? పిట్ట" అన్నారు ఖువాంగ్ మాష్టారు,
పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఊదేస్తూ.
"పసుపుపచ్చ పిట్ట. మన ఏటి వైపుదేనట.
ఆ చుక్కలు తోక ఈకలు.
పలికే తీరు కలిసిందని
వ్యాకరణం వాళ్ళు ఎరువు తీసుకెళ్ళారు.
తిరిగి ఇవ్వలేదు."

ఏం పని చెప్పారు దానికి?
మాట చివర వాలితే: అక్కడ, అందులో.
చెరువుంది, చేపలున్నాయి యన్.
ఒక్కోసారి ఏ బరువూ మోయదు,
పెద్దవాళ్ళు మాట ముగించి తలాడించినట్టు
సుమా, అని ఊరుకుంటుంది.
క్రియకు ముందు నిలబెట్టామా,
మెడ తిప్పి అడుగుతుంది:
ఎక్కడ? ఎలా?

మాష్టారు టీలో వేలు ముంచి
బల్ల మీద పైనుంచి కిందికి రాశారు.
పూడ్చు, దాని కింద యన్:
అక్కడే పూడ్చారు.
అరచేత్తో తుడిచి తిరగేసి రాశారు.
యన్, దాని కింద పూడ్చు:
ఎక్కడ పూడ్చారు?
నేను చూస్తుండగానే టీ ఆరిపోయింది.

ఇంటికొచ్చి పలక ముందు చతికిలబడ్డాను.
జీ అనే ఇంటిపేరు. తాడు లాగేవాడు.
వయసు తెలియదు. వరద వచ్చిన ఏడు.
పూడ్చారు యన్.

అక్కడే, అంటోంది రాయి.
ఎక్కడే?
యంత్రం కొక్కెం ఏ మలుపులో తగిలిందో
ఎవరూ రాసుకోలేదు.
లారీలో వచ్చింది, నా తలుపు పక్క
తలకిందులుగా ఆనించి వెళ్ళారు.
ఏడాదిగా ఈ ఇంట్లో
పై నుంచి మొదట కనిపించేది పిట్టే,
దాని తర్వాతే పూడ్చడం.

ఇద్దరు కుర్రాళ్ళని పిలిచి నిలబెట్టించాను.
కొత్త కాగితం పరిచాను.
చుక్కల దగ్గర మూట వాడలేదు,
చిటికెన వేలితో అద్దాను.
నల్లటి నేల మీద నాలుగూ తెల్లగా నిలిచాయి.

తడి ఆరకముందే కాగితం
కింది అంచు లేచి రెపరెపలాడింది.
బరువు పెడదామని చేయి చాచి
కాసేపు పెట్టలేదు.