ఒకటి తక్కువ

మబ్బంటే మాకు తెలియనిదా!
హార్లింగెన్‌లో ఏడాదికి మూడొంతులు
మబ్బు కిందే బతుకుతాం.
రేవులో పడవల మీద, సముద్రపు గట్టున మేసే గొర్రెల మీద
కురిసి పోతుంది. మా మబ్బు మాకే కురుస్తుంది.

ఈ మబ్బు అలాంటిది కాదన్నాడు వైబ్రెన్,
కాఫీలో బిస్కెట్ ముంచుకుంటూ.
"దీనికి తడి ఉండదు, హిస్కె. ఖర్చూ తక్కువ."

నూట నలభై పేజీల ఒప్పందం.
ఇంటికి తెచ్చుకుని చదివాను,
రొట్టె తునకలు పేజీల మధ్య రాలుతుంటే.
డెబ్బై మూడో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో:
సముద్రం అవతలి కోర్టు అడిగితే ఇస్తాం,
ఇచ్చామని మీకు చెప్పకపోవచ్చు.
సర్వర్లు మా దేశంలోనే ఉంటాయట, పక్క జిల్లాలో.
పెట్టె మనింట్లోనే,
తాళంచెవి ఎవరి మొలనో.

యుద్ధకాలంలో నా కుర్చీలో కూర్చున్న గుమాస్తా
ఎవరికీ కీడు తలపెట్టినవాడు కాదు.
వీధి, ఇంటి నంబరు, మతం,
ముత్యాల్లాంటి అక్షరాలతో కార్డులు నింపాడు.
వాళ్లు వచ్చినప్పుడు, వెతకడానికి
ఒక పూటైనా పట్టలేదట.
ఆ కార్డులు ఇప్పటికీ కింద నేలమాళిగలో ఉన్నాయి.
ఏడాదికోసారి దుమ్ము దులుపుతాను.
అంత చక్కటి దస్తూరి చూస్తే నాకు చలి పుడుతుంది.

మంగళవారం కౌంటర్ దగ్గరికి ఒకామె వచ్చింది.
పేరు చెప్పను.
మొగుడి నుంచి తప్పించుకుని మూడు ఊళ్లు మారిన మనిషి.
ఆమె చిరునామా మీద మా రికార్డులో ఎర్ర గీత ఉంటుంది,
ఎవరి కంటా పడకూడదని.
అతను ఆ కంపెనీలోనే పని చేస్తాడట.
ఏ దేశంలో, ఏ గదిలో, ఆమెకీ తెలియదు.
"నా వీధి పేరు ఎవరెవరికి కనిపిస్తుంది?"

ఇరవై ఆరేళ్లుగా ఆ ప్రశ్నకి
వేళ్లు మడిచి జవాబు చెప్పేదాన్ని:
నేను, వైబ్రెన్, మేయరు.
ఆ రోజు
మొదటి వేలు కూడా మడవలేకపోయాను.
ఆమె చేతిలో రసీదు మాత్రం
మడతల మీద మడత పడి గోరంత అయింది.

శుక్రవారం రాత్రి అన్నీ పైకి వెళ్లాయి:
పుట్టుకలు, విడాకులు, కట్టని బాకీలు,
పెంపుడు కుక్కల పన్ను.
తెల్లారి వైబ్రెన్ ఫోను.
"పదిహేను వేల ఎనిమిది వందల పన్నెండు ఉండాలి కదా,
పదకొండే చేరాయి. ఒకటి తక్కువ."
"చూస్తాను" అన్నాను.

చూసేదేముంది.
నేలమాళిగలో పాత ఇనప బీరువా, అడుగు అర,
అందులో ఒకే ఒక్క కార్డు.
నా చేత్తోనే రాశాను,
కావాలని, కోడి గెలికినట్టు.
తాళంచెవి కోటు జేబులో బరువుగా తగులుతోంది.

ఆమె అడిగింది కాబట్టి.
మిగతా పదిహేను వేల ఎనిమిది వందల పదకొండు మందీ
నన్నేమీ అడగలేదు.