హెరింగ్ ఎవరు?

డండీలో నవంబరు. మూడున్నర దాటిందో లేదో
టే నది మీద చీకటి దిగేసింది.
నా తెరమీది ఫోనుకి ఆ సంగతి తెలీదు.
అది కాలిఫోర్నియాలో ఉన్నాననుకుంటుంది.
బ్యాటరీ ఎప్పుడూ నూటికి నూరు,
వైఫై గీతలు నిండుగా.
ఎవరి జేబులోనూ నలగని ఫోను,
ఒక్కసారైనా చేజారి పడని ఫోను.

హెరింగ్‌ని పిలవమన్నాను.
హోస్ట్ దొరకలేదంది.

హెరింగ్ మా సర్వరు. మా ఆఫీసులో
సర్వర్లన్నిటికీ చేపల పేర్లు, ఫ్రేజర్ పెట్టినవి.
లైబ్రరీ బండి ఏ రోజు ఏ వీధిలో ఆగుతుందో
అంతా దాని కడుపులో ఉంటుంది.
లాప్‌టాప్‌లో పిలిస్తే చటుక్కున పలుకుతుంది.
ఆ లాప్‌టాప్ లోపలే కాపురముంటూ ఈ ఫోను మాత్రం
ఆ పేరు పుట్టి బుద్ధెరిగి విననట్టు
మొహం పెట్టింది.

అక్షరాలు సరిచూశాను.
ఎయిరోప్లేన్ మోడ్ పెట్టి తీశాను.
మనసొప్పక ఇంకోసారి పెట్టి తీశాను.
లోకల్‌హోస్ట్ అని రాసి చూస్తే
తన గడప తనే తట్టుకుని
ఇంట్లో ఎవరూ లేరని వచ్చి చెప్పింది.
నిజమే మరి, ఎవరికి వాళ్లే నేను.
నా నేను దాని నేను కాదు.

చివరికి హెరింగ్ అంకెలు వరసగా కొట్టాను.
పలికింది!
దారి ఉంది, ఇల్లుంది, ఇంట్లో దీపముంది.
పేరొక్కటే పోయింది.

ఫ్రేజర్ సెలవు మీద ఓబన్‌లో ఉన్నాడు. మెసేజి పెడితే
"నా దగ్గర పనిచేస్తోందే" అన్నాడు.
దాని కింద, రాతి మీద బోర్లా పడుకున్న సీల్ ఫోటో.

ఐదింటికి ఇసబెల్ వచ్చింది, చెత్తబుట్టలు ఖాళీ చేయడానికి.
నన్ను చూసి, ఏం పోగొట్టుకున్నావంది.
పేరు చెబితే దొరకదు, నంబరు చెబితే దొరుకుతోంది అన్నాను.
బుట్ట చంకన పెట్టుకుని ఆలోచించింది.
"మరి ఆ పేరు అది ఎవర్ని అడుగుతోంది?"

పదిహేడేళ్లప్పుడు టెలిఫోన్ విచారణల్లో పనిచేసిందట.
సోమవారం సోమవారం సవరణ కాగితాలొచ్చేవట.
ఒకమ్మాయి సెలవు నుంచి వచ్చి
పాత పుస్తకమే తెరిచి కూర్చుంది.
ఆ వారమంతా పెళ్లి కేకు కావాలన్నవాళ్లకి
శవపేటికల కొట్టు నంబరిచ్చింది.
"గొంతు మాత్రం, అబ్బ, ఎంత నమ్మకంగా ఉండేదో!"
నవ్వుతూ పై అంతస్తుకి వెళ్లిపోయింది.

నేను నవ్వు మధ్యలో ఆగాను.
పొద్దున దీన్ని లేపింది ఇంట్లో, టోస్టు మాడుతుండగా.
అప్పుడు ఎవర్ని అడగాలో ఇంటి రౌటర్ చెప్పింది,
ఇది బుద్ధిగా తలకెక్కించుకుంది.
నేను లాప్‌టాప్ మూసి, బస్సెక్కి, వంతెన దిగి
ఇక్కడ కొత్త తీగ తగిలించాను.
దానికెవరూ చెప్పలేదు.
మధ్యాహ్నం ఒకసారి ఆపి తెరిచాను గానీ
అది నిద్ర కాదు, కునుకు.
కళ్లు తెరిచి, ఆపిన మాట దగ్గరే మళ్లీ అందుకుంది.

కోల్డ్ బూట్.
తెర నల్లగా అయింది. అందులో కాసేపు నా మొహం,
వెనక కిటికీలో వాన.
తర్వాత అక్షరాలు ఒక్కొక్కటే:
మంగళవారం, పది ఇరవై,
పాత జనపనార మిల్లు గేటు ఎదుట, నలభై నిమిషాలు.

ఇసబెల్‌కి చెబుదామని మెట్లెక్కాను.
వాక్యూమ్ మోతలో నా మాట వినపడలేదు.
చెయ్యూపాను. ఆమె చెయ్యూపింది,
దేనికో తెలియకుండానే.

ఆరున్నరకి బస్టాపులో నిలబడ్డాను.
గొడుగు తిరగబడింది, సరిచేసుకున్నాను.
పదిహేను నిమిషాలు.
నా బస్సు రోడ్డుకి అటువైపు, పసుపు బోర్డుల అవతల
ఎక్కడో ఆగి, దీపాలన్నీ వేసుకుని
నా ముందునుంచే వెళ్లిపోయింది.

స్టాపు మార్చి రెండు వారాలైందన్నాడు
కుక్కతో పోతున్న కుర్రాడు.