ట్రాన్స్‌ఫార్మర్ వెనక పాము

హూడి దాటినాక ముప్పై-నలభై ఖాళీ సైటు.
ఓనరు ఎక్కడో. బోర్డు మాత్రం ఉంది.
ఆరేండ్లుగా అక్కడ కాపురముండేది
తుమ్మి, గడ్డిచేమంతి, కుక్కవామింట,
గోడ పొడుగునా ఉత్తరేణి.
పొద్దున ఏడుకు చీపురేసుకుని పోతే
సైటంతా సన్నగా కుట్టుమిషను శబ్దం.

ఎదుటి అపార్ట్‌మెంటోళ్లు కంప్లైంటు పెట్టినారు:
కలుపు, దోమలు, చూసేకి బాగలేదు.

తుమ్మిపువ్వును దగ్గరగా చూసినారా?
బియ్యపుగింజ కంటే రవ్వంత పెద్దది.
అంత పువ్వులోకీ తల దూర్చి
వెనక్కాళ్లు గాలిలో పెట్టి తాగుతుంది జుంటీగ.
మడకశిరలో మా అవ్వ ఆ పువ్వు కొన చీకమనేది.
ఉందా, లేదా, అన్నంత తీపి.
అట్లాంటివి ఎన్ని తిరిగితే ఒక బొట్టు?

పోయిన నెల తొమ్మిదో అంతస్తు సజ్జ కింది తేనెపట్టుకు
రాత్రిపూట మందు కొట్టించినారు.
తెల్లారి ఊడ్చింది నేనే.
రెండు తట్టలు. ఎత్తితే బరువే లేదు.
కొన్నింటి కాళ్లకు పసుపు ముద్దలు
ఇంకా అంటుకునే ఉన్నాయి.
మా సైటులోదే ఆ పసుపు. గడ్డిచేమంతిది.

గేటు లోపల పూలకేం తక్కువ లేదు.
కాగితంపూలు, రేకు మీద రేకు గులాబీలు.
ఈగ వస్తుంది, చుట్టూ తిరుగుతుంది, పోతుంది
తాళమేసిన ఇంటికొచ్చిన చుట్టం మాదిరి.
నాలుగో అంతస్తు వసుంధర మేడం
మిద్దె మీద గుమ్మడిపాదు పెట్టింది.
తీగ నిండా పూలే, పిందె నిలవదు.
పొద్దున్నే దూదిపుల్ల పట్టుకుని
మగపువ్వు పొడి ఆడపువ్వుకు అద్దుతా ఉంటుంది.
కంప్లైంటులో మొదటి సంతకం ఆమెదే.
చెప్దామనుకున్నా.
చీపురు పట్టుకున్నోళ్ల మాట సగంలోనే చాలిస్తారు.

శుక్రవారం ఈరణ్ణ గడ్డిమిషను తెచ్చినాడు.
గంటలో సైటుకు గుండు.
పచ్చివాసన.
పూలు ఉండిన ఎత్తులోనే, మోకాటికి పైన,
ఈగలు ఇంకా తిరుగుతా ఉన్నాయి
పూలు లేకుండా.

మిషను ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కి మళ్లేసరికి
"ఆపన్నా, పాముంది" అన్నాను.
ఎంతుంది?
చెయ్యి పొడుగు.
మేస్త్రీకి చెప్పేటప్పుడు మూరెడు పెరిగింది.
సెక్రటరీ దాకా పోయేసరికి
దానికి పడగ కూడా వచ్చింది.

ఆ నాలుగు గజాలు అట్లే ఉన్నాయి.
వానలు పడినాక తుమ్మి విరగబూసింది.
నిన్న మళ్లీ ఆర్డరు.

ఏం చేద్దాం.
ఈసారి పాముకు పిల్లల్ని పుట్టించాల.