దారం

ముప్ఫై ఏళ్లుగా తృణమణి సానబెడుతున్నాను,
నిదాలో, బాల్టిక్ సముద్రానికీ మడుగుకీ నడుమ ఇసుక ఊళ్లో.
ఎంత కడిగినా వేళ్లకి పైన్ బంక వాసన.

ఊలాకి కింది చిగురు ఉబ్బింది.
మూడు రాత్రులుగా నిద్ర లేదు,
చొంగకి గడ్డం కింద పొక్కింది.
మేనత్త గెనోవైతే ఒక దండ పంపింది:
"మెడలో వెయ్యి, నొప్పిని రాయి లాగేస్తుంది."
ముడి చూసి గుర్తుపట్టాను. నేను కట్టిందే.
కిందటి వేసవిలో అలాంటివి నలభై అమ్మాను.

గడ్డిపోచని లాగుతుంది ఈ రాయి, నిజమే.
నొప్పిని లాగగా నేనెన్నడూ చూడలేదు.
దారం సంగతి మాత్రం నాకు తెలుసు.
తెగకూడదనే కదా మైనం పట్టించి పేనుతాను!
నిద్రలో పొర్లే పిల్ల మెడ చుట్టూ
తెగని దారం.
తెగిందా, ఒక్కో పూసా గొంతుకి అడ్డంపడేంత.

కత్తెర తీశాను.
పూసలు ఉప్పునీళ్ల గిన్నెలో తేలాయి.

చేతులు మూడుసార్లు కడుక్కున్నాను.
ఫ్రిజ్‌లోంచి తడిగుడ్డ తెచ్చాను,
చల్లగా, గడ్డకట్టకుండా.
ఊలా కొరికింది, ఉరిమి చూసింది, మళ్లీ కొరికింది.
తర్వాత నా చూపుడువేలు,
పూసకి మెరుగుపెట్టే ఒత్తిడిలో సగం.
గరుకుగా తగిలింది
బియ్యపు నూకంత పన్ను.

గుమ్మంలో రాసా, "పడుకుందా?"
"లేదు. ఏడవట్లేదు."

తెల్లారాక దుకాణం అద్దంలోంచి
చిన్న దండలన్నీ దించాను. పదకొండు.
ఎవరో ఒకరు అడుగుతారు.
ఏం చెప్పాలో ఇంకా తోచలేదు.
వేలు చూపిస్తాను,
దాని మీద చిన్న గాటుంది.