ఇత్తడి బిళ్ల

ముప్పై ఒక్క ఏళ్లు దీపాల గదిలో కూర్చుంది ఒట్టిలియా.
కిటికీలోంచి బిళ్ల లోపలికి, దీపం బయటికి.
షిఫ్టు దిగాక దీపం లోపలికి, బిళ్ల బయటికి.
అంతే ఉద్యోగం.
ముఖాలు చూసేది కాదు, మేకులు చూసేది.
మేకుకి బిళ్ల ఇంకా వేలాడుతోందంటే
ఒక మనిషి ఇంకా కిందే ఉన్నట్టు.

ఒక నవంబరు రాత్రి మూడు బిళ్లలు
తెల్లారేదాకా వేలాడాయి.
రెండింటికి మనుషులొచ్చారు.
ఆరువందల పద్నాలుగుని ఎవరూ అడగలేదు.
గని మూసేసిన రోజు,
టోపీల మీద నల్ల ఈకలు ఊగుతూ బ్యాండు వాయిస్తుంటే
దాన్ని ఏప్రన్ జేబులో వేసుకొచ్చింది.

సిలేసియాలో ఇళ్లు ఓ పక్కకి కుంగి ఉంటాయి,
కింద అంతా తవ్వేసిన నేల.
ఆవిడ వంటింటి బల్ల మీద గుడ్డు పెడితే
ఉత్తరానికే దొర్లుతుంది.

అక్క కొడుకు ఇరెనేవుష్ కూడా ఉత్తరానికే పోయాడు.
బాల్టిక్ ఒడ్డున నూట పది మీటర్ల స్తంభం,
లోపల నిచ్చెన.
"తాత దిగినదాంట్లో ఆరో వంతే పిన్నీ" అని నవ్వాడు ఫోనులో.
సగం నవ్వు గాలి తినేసింది.

ఊళ్లో పెన్షనర్లు చప్పరించేస్తారు,
గాలిని నమ్ముకోవడమంటే
గాలిలో దీపం పెట్టడమేనని.
ఆవిడ ఏమీ అనదు.
దీపాల సంగతి వాళ్లా ఆవిడకి చెప్పేది?
వాణ్ని మాత్రం అడిగింది:
"నువ్వు దిగావని ఎవరు లెక్క చూస్తార్రా?"
"ఫోనులో నొక్కుతాం పిన్నీ."
"గోడ లేదా?"
"లేదు."
"మేకు?"
కాసేపు గాలే మాట్లాడింది.

డిసెంబరులో, బార్బరా పండక్కి వచ్చాడు.
మూడు రోజులు ఆకు కదల్లేదు.
ఊరి దీపాలన్నీ బొగ్గు మీదే వెలిగాయని
వాడే ఒప్పుకున్నాడు.
"అయితే గాలి కూడా షిఫ్టు ఎగ్గొడుతుందన్నమాట,"
పొయ్యిలో ఇంకో పార బొగ్గు వేస్తూ అంది.
బస్తా ధర చెప్పి తిట్టింది కూడా.

రైలెక్కే ముందు వాడి అరచేతిలో
చల్లటి బిళ్ల.
ఎవరిదని అడగలేదు.
అంకె మీద బొటనవేలు ఆడించాడు.

ఇప్పుడు స్తంభం అడుగున, తలుపు పక్కన
రూల్సులో లేని మేకొకటి ఉంది.
అన్నేళ్ల తర్వాత ఆరువందల పద్నాలుగు
రోజూ ఇంటికి పోతోంది.

మధ్యాహ్నం మూడు కొట్టేసరికి
వంటింట్లో ఒట్టిలియా చెయ్యి
తనంతట తానే కిటికీ వైపు చాచుకుంటుంది,
దీపం అందుకోవడానికి.